ఒక్కసారి వాడి పడేసే కార్డు నెంబర్ మన దగ్గర దొరుకుతదా? ఓటీపీ రాకుండనే పైసలు పోయినయ్

పద్మాక్షి_గుట్ట
పోయిన నెల ఫోన్ల యాడ్ చూసి మా బిడ్డకు స్కూల్ బూట్లు ఆర్డర్ పెట్టిన, 799 రూపాయలు. సైట్ మంచిగనే కొట్టింది, ఫోటోలు ఉన్నయ్, కింద కొన్నోళ్ల మాటలు ఉన్నయ్. క్రెడిట్ కార్డు నెంబర్ కొట్టిన, తారీఖు కొట్టిన, వెనుకున్న మూడంకెలు కొట్టిన, ఓటీపీ వస్తే అదీ కొట్టిన. బూట్లు రాలే. పోతే 799 పోయినయ్ తియ్ అని ఊకున్న. నిన్న ఆదివారం పొద్దున లేచి ఫోన్ చూస్తే మూడు మెసేజ్‌లు. రాత్రి 2:14కు ఒక్క డాలర్, 2:16కు 6,380 రూపాయలు, 2:17కు మళ్ల 6,380. ఒక్కదానికి ఓటీపీ రాలే, ఫోన్ నా మెత్త కిందనే ఉన్నది. కస్టమర్ కేర్‌కు కొడితే కార్డు బ్లాక్ చేసిండ్రు గని "మీ కార్డు వివరాలతోనే అయింది మేడం, మీరే ఎవరికో చెప్పి ఉంటరు" అంటున్నరు. నేను ఎవ్వరికీ చెప్పలే.

మా ఆఫీసుల ఒకాయన అన్నడు, ఒక్కసారి వాడి పడేసే నెంబర్ ఇస్తరట, అసలు నెంబర్ సైటోళ్లకు తెల్వనే తెల్వదట. నిజమేనా? ఎక్కడ దొరుకుతది? కొత్త కార్డు వస్తాంది, దాన్ని ముట్టాలంటేనే భయమైతాంది.

కాజీపేట_జంక్షన్
నెంబర్ ముచ్చట తర్వాత అక్కా, ముందుగాల కంప్లైంట్ నెంబర్ తీసుకున్నరా? ఫోన్ల చెప్తే సరిపోదు, ఈమెయిల్ గూడ పెట్టుండ్రి, ఏ టైంకు ఏ మెసేజ్ వచ్చిందో రాసి స్క్రీన్‌షాట్లు పెట్టి.

పద్మాక్షి_గుట్ట
తీసుకోలే. కార్డు బ్లాక్ అయింది అనంగనే పెట్టేసిన.

కాజీపేట_జంక్షన్
మళ్ల కొట్టుండ్రి, ఇవాళనే. 2017 జూలై 6న ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ఒకటున్నది. తప్పు మీదీ కాక బ్యాంకుదీ కాక నడుమ ఎక్కడనో జరిగితే, మెసేజ్ వచ్చినంక 3 పనిదినాలల్ల చెప్తే మీ మీద ఒక్క రూపాయి పడొద్దు. 4 నుంచి 7 రోజులల్ల చెప్తే మీ నష్టానికి ఒక హద్దు ఉంటది, మామూలు సేవింగ్స్ ఖాతాకు, 5 లక్షల దాక లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డుకు అది 10,000. ఏడు దాటిందా, ఆ బ్యాంకు పాలసీ ఎట్లుంటే అట్ల. మీరు నిన్ననే చెప్పిండ్రు కాబట్టి మంచిగున్నరు, గని చెప్పినట్టు రుజువు చేతుల ఉండాలె. ఇంకొకటి, "మీరే ఎవరికో చెప్పి ఉంటరు" అని ఊకె అంటే నడువది. కస్టమర్ తప్పు అని నిరూపించాల్సిన భారం బ్యాంకు మీదనే ఉన్నదని ఆ సర్క్యులర్లనే రాసి ఉన్నది. ఆ ముక్క మెయిల్ల పెట్టుండ్రి, మాట తీరు మారుతది.

బొగ్గుబాయి
అందుకే నేను కార్డు ఇంట్ల బీరువల పెట్టిన. ఏది కొన్నా క్యాష్ ఆన్ డెలివరీ. వస్తువు చేతిల పడ్డంకనే పైసలు. గోదావరిఖనిల మా క్వార్టర్స్ లైన్ మొత్తం గిట్లనే కొంటరు.

సర్వపిండి_2
బొగ్గుబాయి అన్నా, క్యాష్ ఆన్ డెలివరీ గూడ అంత సక్కదనం ఏం లేదు. మా అవ్వ ఒక్కతే ఉన్నప్పుడు పార్శిల్ వచ్చింది, "మీ కొడుకు ఆర్డర్ పెట్టిండు" అని 1,250 వసూలు చేసి పోయిండు. విప్పి చూస్తే చింకి పాత చీర. నేను ఏం ఆర్డర్ పెట్టలే. పేరు, అడ్రసు, ఫోన్ నెంబర్ అన్నీ కరెక్టుగనే ఉన్నయ్ డబ్బా మీద.

బొగ్గుబాయి
అది వేరే ముచ్చట, ఇంట్ల చెప్పిపెట్టాలె, చెప్పకుండ ఏ పార్శిల్‌కు పైసలు ఇయ్యొద్దని. నా 1,250 పోతయేమో గని రాత్రి 2 గంటలకు ఖాతల కెళ్లి ఏం పోదు.

కౌంటర్_నెంబర్_3
నేను బ్యాంకుల పని చేస్త, పేరు ఏ బ్యాంకో అడగొద్దు. అక్క అడిగిన దానికి జవాబు చెప్త, జర పెద్దగైతది.

మీరనే దాన్ని వర్చువల్ కార్డు అంటరు. మన దేశంల కొత్తదేం కాదు. ఎస్‌బీఐ నెట్ బ్యాంకింగ్‌ల చానా ఏండ్ల కిందనే ఇచ్చింది, ఎంతకు కావాలో మనమే రాసుకునుడు, 100 నుంచి 50,000 దాక. రాయంగనే పైసలు కట్ కావు, ఖాతల అంత మొత్తం పట్టి పెడుతది గంతే, వాడినంకనే కట్ అయితది. వాడంగనే నెంబర్ చచ్చిపోతది, వాడకున్నా 48 గంటలకు చచ్చిపోతది. మిగిలింది మీ ఖాతల మీకే. వేరే బ్యాంకులు గూడ వేరే పేర్లతోని ఇచ్చినయ్. తర్వాత కొన్ని బంద్ చేసినయ్, కొన్ని యాప్‌లల్ల ఇంకా ఉన్నది. మీ యాప్‌ల కార్డ్స్ అనే కాడ చూడుండ్రి, లేకుంటే లేనట్టే.

గని అక్కా, మీ కేసుల అసలు ఓటీపీ ఎందుకు రాలేదో అది తెల్సుకోవాలె. మన దేశంల ఆన్‌లైన్ కార్డు పేమెంట్‌కు ఓటీపీ లాంటి రెండో తాళం పెట్టాలని ఆర్‌బీఐ 2009 ఆగస్టు 1 నుంచి తప్పనిసరి చేసింది. ఆ తాళం మన దేశం సైట్లకు. బయటి దేశం సైట్లు చానా వరకు అడగయ్. నెంబర్, తారీఖు, మూడంకెలు ఉంటే చాలు. ఒక్క డాలర్ ముందు కొట్టింది చూసిండ్రు కదా, కార్డు బతికే ఉన్నదా లేదా అని చూసుకునుడు అది. బతికే ఉన్నదని తెల్వంగనే రెండు నిమిషాలల్ల పెద్దది కొట్టిండ్రు. మీ కార్డుకు ఇంటర్నేషనల్ ఎవరో ఎప్పుడో ఆన్ చేసి ఉంటరు, యాద్ చేసుకోండ్రి.

పద్మాక్షి_గుట్ట
యాదికొచ్చింది. రెండేండ్ల కింద మా తమ్ముడు అమెరికా పోవుటానికి పరీక్ష ఫీజు కట్టాలంటే నా కార్డుకు ఆన్ చేసినం. మళ్ల ఆఫ్ చేయలే. అసలు ఆఫ్ చేయాలని గూడ తెల్వదు.

కౌంటర్_నెంబర్_3
గదే. తప్పు మీదొక్కలదే కాదు, మా కౌంటర్‌కు వచ్చేటోళ్లల్ల సగం మంది గిట్లనే. 2020 జనవరిల ఆర్‌బీఐ చెప్పింది, అదే ఏడు అక్టోబర్ 1 నుంచి అమలైంది: కొత్త కార్డు ఇచ్చినప్పుడు మన దేశం ఏటీఎంల, దుకాణంల గీకే మిషన్ల మాత్రమే నడవాలె. ఆన్‌లైన్, ఇంటర్నేషనల్, కార్డు మిషన్‌కు ఆనించి కట్టే పద్ధతి, ఇవన్నీ మనం కావాలంటేనే ఆన్ కావాలె. ఆన్ చేసుడు అందరికీ వస్తది, పని అయినంక ఆఫ్ చేసుడే ఎవరూ చేయరు.

మానేరు_గాలి
నాకొక డౌట్. సైట్ కాడ తాళం బొమ్మ ఉంటే సేఫ్ అంటరు కదా. అక్క కొన్న సైట్ మీద తాళం ఉన్నదా లేదా?

పద్మాక్షి_గుట్ట
ఉన్నది. అది చూసే కొట్టిన.

వడ్డేపల్లి_చెరువు
తాళం బొమ్మ అంటే నీ ఫోన్ నుంచి ఆ సైట్ దాక పోయేది నడుమల ఎవరూ చదవకుండ ఉంటది అని, అంతే. ఆ సైట్ పెట్టినోడే దొంగైతే తాళం ఏం చేస్తది. దొంగ ఇంటికి గూడ తాళం ఉంటది కదా. ఇప్పుడు ఆ తాళం ఫ్రీగనే దొరుకుతది, ఎవడైనా పెట్టుకోవచ్చు.

డాలస్_ల_ఓరుగల్లు
మాది హన్మకొండ, అమెరికాకు వచ్చి తొమ్మిదేండ్లైంది. ఇక్కడ చానా సైట్లల్ల ఓటీపీ అనేదే ఉండది, నెంబర్ కొడితే అయిపోయింది. అందుకే ఇక్కడ ఈ వర్చువల్ నెంబర్ల అవసరం ఎక్కువ. సిటీ బ్యాంకు, క్యాపిటల్ వన్ బ్యాంకు లాంటోళ్లు వాళ్ల క్రెడిట్ కార్డులకు ఇస్తరు. ప్రైవసీ డాట్ కామ్ అని వేరేగ ఒకటున్నది, మన ఖాత దానికి కలుపుకుంటే చానా నెంబర్లు చేసుకోవచ్చు. నేను ఒక్కో సైట్‌కు ఒక్కో నెంబర్ పెట్టిన. ఒక నెంబర్ ఒక్క దుకాణానికే పని చేస్తది, వేరే కాడ కొడితే తిరిగొస్తది. నెలకు ఇంత అని లిమిట్ గూడ పెట్టుకోవచ్చు. పోయినేడు జిమ్ వాళ్లకు ఇచ్చిన నెంబర్ మీద ఎవరో బట్టల దుకాణంల కొట్టాలని చూసిండ్రు, పడలే, నాకు మెసేజ్ వచ్చింది. ఎవరి కాడ కెళ్లి లీకైందో అప్పుడే తెల్సింది, ఎందుకంటె ఆ నెంబర్ జిమ్‌కు తప్ప ఎవ్వరికీ ఇయ్యలే.

ఇక్కడ చట్టం గూడ జర గట్టిది. క్రెడిట్ కార్డుల మోసమైతే మన మీద పడేది 50 డాలర్లు దాటొద్దు. డెబిట్ కార్డు మాత్రం పోయిందనో, ఎవరో ఎత్తుకపోయిండ్రనో తెల్సినంక రెండు పనిదినాలల్ల చెప్పకుంటే 500 దాక పోవచ్చు. అందుకే ఆన్‌లైన్ల డెబిట్ కార్డు నేను ముట్టనే ముట్ట.

మానేరు_గాలి
ఒక్కో సైట్‌కు ఒక్కో నెంబర్ అంటే మస్తున్నది. మనకు అది ఎందుకు లేదు?

వడ్డేపల్లి_చెరువు
మనకు అసొంటిదే ఉన్నది తమ్మీ, పేరు వేరే. టోకెన్. సైట్ల "మీ కార్డు సేవ్ చేయమంటరా" అని అడుగుతది చూడు, 2022 అక్టోబర్ 1 నుంచి మన దేశంల దుకాణాలు అసలు కార్డు నెంబర్ దాచిపెట్టుకోవద్దు. సేవ్ కొడితే వాళ్ల దగ్గర ఉండేది నీ నెంబర్ కాదు, దాని బదులు ఒక టోకెన్. ఆ టోకెన్ ఆ కార్డుకు, ఆ దుకాణానికి మాత్రమే. రేపు వాళ్ల కంప్యూటర్లు కొల్లగొట్టినా ఆ టోకెన్ పట్టుకపోయి వేరే కాడ వాడరాదు. గుర్తుకోసం చివరి నాలుగంకెలు, బ్యాంకు పేరు ఉంచుకోవచ్చు గంతే.

కాజీపేట_జంక్షన్
నేనైతే ఎప్పుడూ సేవ్ కొట్ట. ప్రతిసారి నెంబర్ కొట్టుడే మంచిది అనుకుంట.

వడ్డేపల్లి_చెరువు
ఇక్కడ నేను ఒప్పుకోనన్నా. నమ్మకమైన పెద్ద సైట్ల ఒక్కసారి సేవ్ కొడితే మళ్లమళ్ల పదహారంకెలు కొట్టే పని తప్పుతది. కొట్టిన ప్రతిసారి ఎవడన్న చూసుడో, ఫోన్ల ఉన్న దొంగ యాప్ పట్టుడో, అచ్చం అదే లెక్క కనవడే నకిలీ పేజీల పడుడో జరుగుతది. తెల్వని సైట్ల మాత్రం సేవ్ సంగతే కాదు, అసలు కార్డే ఇయ్యొద్దు.

కాజీపేట_జంక్షన్
నకిలీ పేజీ అన్న మాటకు ఒప్పుకుంట. మిగతాది నా మనసుకు పడుతలేదు, ఫోన్ పోతే ఎట్ల?

వడ్డేపల్లి_చెరువు
ఫోన్ పోతే ముందు సిమ్ బ్లాక్ చేయాలె, ఓటీపీ అక్కడికే కదా వచ్చేది. టోకెన్లు బ్యాంకు యాప్ల కెళ్లి తీసేయొచ్చు, ఏ దుకాణంల ఏ కార్డు ఉన్నదో మొత్తం చూపెడుతది.

కొత్తవాడ_మగ్గం
అమ్మేటోని వైపు కెళ్లి చెప్త. మాది వరంగల్ కొత్తవాడ, జంపఖానాలు, దర్రీలు నేసే ఇల్లు. మన వరంగల్ దర్రీలకు 2018ల జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అనే ముద్ర, వచ్చినంక బయటి ఊర్ల కెళ్లి అడుగుడు పెరిగింది, అందుకే చిన్న సైట్ పెట్టుకున్నం. ఎవరన్న కొంటే పేమెంట్ గేట్‌వే, అంటే పైసలు వసూలు చేసిపెట్టే వేరే కంపెనీ, పేజీల నెంబర్ కొడుతరు, మా దాక రాదు. మాకు కనవడేది పేరు, అడ్రసు, ఎంత కట్టిండ్రు, చివరి నాలుగంకెలు.

గని ఏమైతదంటె, వాట్సాప్‌ల "అన్నా సైట్ల నాకు కొట్టరాదు, మీరే కొట్టుకోండ్రి" అని కార్డు ఫోటో తీసి పంపుతరు. ముందు ఒకటి, వెనుక ఒకటి. పెద్దమనుషులు, మంచోళ్లు, నమ్మి పంపుతరు. మొన్న నిజామాబాద్ కెళ్లి ఒక రిటైరైన సారు పంపిండు, మూడంకెల మీద వేలు గూడ పెట్టలే. చూడంగనే తీసేసిన, ఫోన్ గ్యాలరీల కెళ్లి గూడ తీసేసి, ఆ సారుకు ఫోన్ చేసి, "సార్ ఇది మా దుకాణంల పనిచేసే పిలగాడు చూసినా మీ పైసలు పోతయ్" అని చెప్పిన. ఆ సారు చానాసేపు మాట్లాడలే. తర్వాత మనుమరాలితోని సైట్ల కొట్టిచ్చి కొన్నడు, 6 బై 9 దర్రీ, ఎర్రది.

సర్వపిండి_2
మీరు చేసింది మస్తు మంచి పని అన్నా.

బొగ్గుబాయి
ఆ దర్రీ క్యాష్ ఆన్ డెలివరీల ఇస్తరా?

కొత్తవాడ_మగ్గం
గోదావరిఖని అయితే బస్సుల పెట్టి పంపుత అన్నా, అందినంకనే ఇయ్యి.

జగిత్యాల_మామిడి
వర్చువల్ నెంబర్ వాడితే రిఫండ్ ఎట్లొస్తది? నెంబర్ చచ్చిపోయినంక వస్తువు వాపస్ ఇస్తే పైసలు గాలిల పోతయా?

కౌంటర్_నెంబర్_3
పోవు. ఆ నెంబర్ వెనుక మీ ఖాతో, మీ అసలు కార్డో ఉంటది, బ్యాంకు దానికే జమ చేస్తది. జర ఆలస్యమైతది, ఆర్డర్ కాగితం, రిఫండ్ మెసేజ్ దాచిపెట్టుకోవాలె. ఇబ్బంది ఎక్కడ వస్తదంటె హోటల్ రూం లాంటి కాడ, ఏ కార్డుతోని కట్టిండ్రో అది చూపెట్టుమంటే మన చేతిల ఆ నెంబర్ కార్డు ఉండది. నెలనెలా కట్ అయ్యేవాటికి గూడ పనికిరాదు, నెంబర్ ఉంటనే కదా వచ్చే నెల కట్ అయ్యేది.

మానేరు_గాలి
అదే మంచిది కదా అన్నా, నెలరోజులు ఫ్రీ అని కార్డు తీసుకొని తర్వాత చెప్పకుండ కట్ చేస్తరు.

వడ్డేపల్లి_చెరువు
మన దేశం కార్డుల మీద చెప్పకుండ కట్ చేయొద్దు ఇప్పుడు. కట్ అయ్యే 24 గంటల ముందు మెసేజ్ రావాలె, మామూలు వాటికి 15,000 దాటితే మళ్ల ఓటీపీ అడగాలె. ఆ మెసేజ్ చూసి వద్దనుకుంటే బ్యాంకు యాప్ల ఆ మ్యాండేట్ (కట్ చేసుకోమని మనం ఇచ్చిన అనుమతి) ఆపేయొచ్చు. ఆ మెసేజ్‌లు చదువుడు అలవాటు చేసుకోవాలె, మనం అన్నీ ఒక్కతీరుగ తోసేస్తం.

హంటర్_రోడ్_42
ఇంత పంచాయితీ ఎందుకు, యూపీఐ కొట్టుండ్రి, కార్డు నెంబరే ఇయ్యాల్సిన పనిలేదు.

కాజీపేట_జంక్షన్
నెంబర్ ఇయ్యకపోవుడు నిజమే, ఆ లెక్కల మంచిదే. గని దొంగ సైట్‌కు నీ చేత్తోని పిన్ కొట్టి పంపినవనుకో, అది నువ్వు పంపినట్టే. క్రెడిట్ కార్డుల అయితే "వస్తువు రాలే" అని బ్యాంకుల డిస్ప్యూట్ పెట్టొచ్చు. అక్క 799కి గూడ పెట్టొచ్చు అసలు, బూట్లు రాలేదు కదా.

పద్మాక్షి_గుట్ట
799కి గూడ పెట్టొచ్చా? నాకు తెల్వనే తెల్వది.

కాజీపేట_జంక్షన్
పెట్టుండ్రి. ఆర్డర్ మెసేజ్, వాళ్లకు మీరు పెట్టిన మెయిల్, జవాబు రాలేదని. ఆలస్యం చేయకుండ్రి, దానికి గూడ గడువు ఉంటది.

జగిత్యాల_మామిడి
ఈ నెంబర్లు, టోకెన్లు అన్నీ మంచియే, కాదంట లేను. మా బాపుది చెప్త. మిక్సీ వాపస్ ఇచ్చిండు, పైసలు రాలేదని గూగుల్ల కస్టమర్ కేర్ నెంబర్ ఎతికిండు. పైన వచ్చిన నెంబర్‌కు కొట్టిండు. అవతలోడు మన తెలుగులనే, "బాపూ" అనుకుంటనే మాట్లాడిండు. ఒక యాప్ ఎక్కిచ్చుమన్నడు, ఎక్కిచ్చిండు. ఇగ మా బాపు ఫోన్ల ఏం కనవడితే వానికి అదే కనవడుతాంది. ఓటీపీ చెప్పాల్సిన పని గూడ లేదు, వాడే చదువుకున్నడు. 38,000. వర్చువల్ కార్డు ఉన్నా అక్కడ ఏం చేసేది?

నేను పొలం కాడ ఉన్న, అవ్వ ఫోన్ చేసి ఏడుస్తాంది. అప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టిన, అరగంట గూడ కాలే పైసలు పోయి. వాళ్లు ట్రాన్సాక్షన్ నెంబర్లు అడిగిండ్రు, ఒక్కొక్కటి చదివిన, నోరు ఎండుకపోయింది. 22,000 అవతలి ఖాతలనే ఆగినయ్. మిగతాయి అప్పటికే తీసుకున్నరు. ఆగినయ్ లోక్ అదాలత్ల కెళ్లి చానా నెలలకు వాపస్ వచ్చినయ్. బాపు ఇప్పటికీ ఆ ముచ్చట తీస్తే లేచి వాకిట్లకు పోతడు. ఆయనను ఎవ్వరం ఒక్క మాట అనలే.

సర్వపిండి_2
బాపును ఏమనకపోవుడే మంచి పని చేసిండ్రు. మా చిన్నాయన అయితే ఇంట్ల తిడుతరని పైసలు పోయినంక వారం దాక చెప్పలే. అప్పటికి ఏమీ మిగలలే.

డాలస్_ల_ఓరుగల్లు
జగిత్యాల తమ్మి చెప్పింది నిజం. నెంబర్ దాచుడు అనేది సైట్ కెళ్లి లీకైతే కాపాడుతది. మనిషి మాటల పడితే కాపాడది. రెండు వేరే వేరే రోగాలు, ఒకటే మందు లేదు.

కౌంటర్_నెంబర్_3
పద్మాక్షి అక్కా, కొత్త కార్డు రాంగనే చేయాల్సింది రాస్త, వచ్చిన రోజే చేయుండ్రి. యాప్ల కార్డ్ కంట్రోల్ అనో, మేనేజ్ కార్డ్ అనో ఉంటది. ఇంటర్నేషనల్ ఆఫ్. ఆన్‌లైన్ లిమిట్ మీరు మామూలుగ కొనే దానికి సరిపోయేటంత, 3,000 అనుకోండ్రి. పెద్దది కొనేనాడు పెంచుకొని అయినంక మళ్ల దించుకోవాలె. ఆనించి కట్టేది వాడకుంటే అదీ ఆఫ్. ఇది వర్చువల్ కార్డు లేనోళ్లకు గూడ చానా వరకు అదే పని చేస్తది. ఆ రాత్రి ఇంటర్నేషనల్ ఆఫ్‌ల ఉంటే 2:14కే తిరిగొస్తుండె.

డెబిట్ కార్డుతోనే కొనేటోళ్లు జీతం పడే ఖాతది వాడకుండ్రి. చిన్న ఖాత వేరేగ తీసి, కొనే ముందు దాంట్ల వేసుకొని కొనుండ్రి. నేను గట్లనే చేస్త, దాంట్ల ఎప్పుడూ 2,000 దాటి ఉండయ్.

హంటర్_రోడ్_42
ఇప్పుడే చూసిన, నా కార్డుకు ఇంటర్నేషనల్ ఆన్‌లనే ఉన్నది, లిమిట్ లక్షన్నర. ఎన్నడు చేసిన్నో గూడ యాది లేదు. ఆఫ్ చేసిన.

మానేరు_గాలి
నాదీ ఆన్‌లనే ఉండె. మా అన్నది, మా వదినది గూడ చూసిన, ముగ్గురివీ.

పద్మాక్షి_గుట్ట
మూడు వారాల తర్వాత వచ్చిన చెప్పుటానికి. ఆనాడే మళ్ల ఫోన్ చేసి కంప్లైంట్ నెంబర్ తీసుకున్న, కాజీపేట అన్న చెప్పినట్టు సర్క్యులర్ తారీఖు పెట్టి మెయిల్ కొట్టిన. ముందు "పరిశీలిస్తున్నం" అని ఒక్క ముక్క జవాబు. తొమ్మిదో పనిదినం నాడు రెండు 6,380లు, ఆ డాలర్‌ది జమ అయినయ్, విచారణ అయ్యేదాక తాత్కాలికం అని రాసిండ్రు.

కాజీపేట_జంక్షన్
10 పనిదినాలల్ల జమ చేయాలని రూలే అక్కా. 90 రోజులల్ల తేల్చాలె. తేలిందని రాతల వచ్చేదాక మెయిల్స్ తీసేయకుండ్రి. అడ్డం తిరిగితే, బ్యాంకుకు కంప్లైంట్ ఇచ్చి 30 రోజులు దాటినంక బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు పెట్టొచ్చు, ఖర్చు లేదు, 14448కి కొడితే తెలుగులనే చెప్తరు.

పద్మాక్షి_గుట్ట
సరే అన్నా. కొత్త కార్డు వచ్చింది, ఇంటర్నేషనల్ ఆఫ్ చేసిన, లిమిట్ 3,000 పెట్టిన. మా బ్యాంకు యాప్ల వర్చువల్ కార్డు లేదు, ఎతికిన. తమ్మునికి ఫోన్ చేసి వానిది గూడ చూయించిన.

బొగ్గుబాయి
బిడ్డకు బూట్లు?

పద్మాక్షి_గుట్ట
చౌరస్తాల కొన్నం అన్నా, తొడిగి చూసి, 650కి. ఒక సైజు పెద్దయే తీసుకున్నం.